రిజిస్టరైన వీలునామానూ ప్రశ్నించవచ్చు
ఆధారాలు ఉంటేనే కోర్టులో నిలిచేది

కోడుమూరు: ఇంటి పెద్ద కర్మకాండలు ముగియగానే ఒకరు వీలునామా బయటపెట్టడం, మిగిలిన తోబుట్టువులు అది చెల్లదంటూ పెద్దమనుషులను ఆశ్రయించడం పల్లెల్లో తరచూ కనిపించేదే. పనుల కోసం వలస వెళ్లిన వారికి అలాంటి పత్రం ఉన్న సంగతే ఆలస్యంగా తెలుస్తుంది. 'రిజిస్టరయింది, ఇక చేసేదేమీ లేదు' అని కొందరు హక్కు వదులుకుంటుండగా, 'నాకు వాటా రాయలేదు కనుక చెల్లదు' అని మరికొందరు దావా వేస్తున్నారు. ఈ రెండు అభిప్రాయాలూ సరైనవి కావు.

స్వార్జితమా? పిత్రార్జితమా?

స్వార్జిత ఆస్తిని హిందువు తనకు ఇష్టమైన వారికి రాయవచ్చు. బిడ్డలకు ఇవ్వకపోవడం ఒక్కటే వీలునామా రద్దుకు కారణం కాదు. అయితే ఉమ్మడి పిత్రార్జితంలో తండ్రి తన వాటాకు మాత్రమే వీలునామా రాయగలరు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కుమార్తెలకూ పుట్టుకతో సమాన హక్కు లభించింది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉండాల్సిన అవసరం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోగాని, కోర్టు డిక్రీతోగాని జరిగిన భాగపరిష్కారాలకు మాత్రం ఇది వర్తించదు.

ముస్లింలకు నియమాలు వేరు. అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోను మిగిలిన ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా రాస్తే వారసుల సమ్మతి అవసరం. సున్నీలలో వారసుల్లో ఒకరికే రాసినా మిగిలిన వారసులు అంగీకరించాలి.

ఏయే కారణాలతో ప్రశ్నించవచ్చు?

భారత వారసత్వ చట్టం-1925 ప్రకారం వీలునామా రాసే వ్యక్తి మేజరై, స్థిరబుద్ధి కలిగి ఉండాలి. మోసం, బలవంతం, ఎదిరించలేనంత ఒత్తిడితో రాయించుకున్నది చెల్లదు. హిందువుల వీలునామాపై కనీసం ఇద్దరు సాక్షులు, రాసిన వ్యక్తి ఎదుటనే సంతకాలు చేయాలి. వారు ఆయన సంతకం చేయడాన్ని చూసి ఉండాలి, లేదా అది తన సంతకమేనని ఆయన వారితో చెప్పి ఉండాలి. దస్తావేజు లేఖరి సంతకం దానంతట అదే సాక్షి సంతకం కాజాలదు. సాక్షుల్లో ఒక్కరైనా జీవించి ఉంటే వారిని కోర్టులో విచారించక తప్పదు.

చదువుకున్న వ్యక్తి సంతకానికి బదులు వేలిముద్ర ఉండటం, తీవ్ర అనారోగ్యంలో ఉండగా రాయించడం, లబ్ధి పొందిన వారే దగ్గరుండి అంతా నడిపించడం, ఏ కారణం చూపకుండా భార్యాబిడ్డలను పూర్తిగా విస్మరించడం వంటివి అనుమానాస్పద పరిస్థితులుగా పరిగణిస్తారు. అటువంటి అనుమానాలను తొలగించాల్సిన బాధ్యత వీలునామాను ముందుకు తెచ్చిన వారిదేనని వెంకటాచల అయ్యంగార్ కేసులో 1958లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మోసం, బలవంతం జరిగిందని ఆరోపిస్తే మాత్రం ఆరోపించిన వారే నిరూపించాలి.

రిజిస్ట్రేషన్ బలమెంత?

వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితంపై రాసినా నియమాలు పాటిస్తే చెల్లుతుంది. ఒకటికి మించి ఉంటే చివరిది అమలవుతుంది. రిజిస్టరైతే దాని బలం పెరుగుతుంది. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన ఒక భూవివాదంలో 1974 నాటి రిజిస్టరు వీలునామాను 2025 జూలైలో సుప్రీంకోర్టు సమర్థించింది. అది నిజమైనదనే భావించాలని, కాదనేవారే రుజువు చేయాలని పేర్కొంది. పత్రంపై సంతకం తన తండ్రిదేనని కుమారుడే సాక్ష్యంలో అంగీకరించడం ఆ కేసులో కీలకమైంది. కనుక రిజిస్టరైన పత్రాన్ని సవాలు చేసేవారు మాటలతో కాక ఆసుపత్రి రికార్డులు, పాత సంతకాలు, సాక్షుల వాంగ్మూలాలతో సిద్ధం కావాలి.

ఏం చేయాలి?

రిజిస్టరు వీలునామా ఈసీలో కనిపించదు. రాసిన వ్యక్తి మరణానంతరం మరణ ధ్రువీకరణ పత్రంతో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు చేసి నకలు పొందవచ్చు. వీలునామా ఆధారంగా పట్టా మార్పునకు దరఖాస్తు అయితే తహసీల్దారుకు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపాలి. పాసుపుస్తకంలో పేరు మారినంత మాత్రాన యాజమాన్య హక్కు తేలదు. దానిని సివిల్ కోర్టే నిర్ణయిస్తుంది. హక్కు ప్రకటన దావాకు సాధారణ గడువు మూడేళ్లు కనుక విషయం తెలిసిన వెంటనే న్యాయవాదిని సంప్రదించాలి. భూమి అన్యాక్రాంతం కాకుండా తాత్కాలిక నిషేధ ఉత్తర్వు కోరవచ్చు.

మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. కర్నూలులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను గానీ, 15100 నంబరును గానీ సంప్రదించవచ్చు.