వెన్నుపూసల నడుమ ఒక లోహపు కీలు

తిరువళ్లూరు వైద్య వీరరాఘవస్వామి కోనేట్లో అమావాస్యనాడు భక్తులు బెల్లం కలుపుతారు. బెల్లం కరిగినట్టే ఒంట్లో రోగమూ కరిగిపోవాలని మొక్కు. ఆ మెట్ల మీద నడుం పట్టుకుని దిగేవాళ్లూ కనబడతారు. ఇంకాస్త పడమరకు పోతే తిరుత్తణి, పళ్లిపట్టు, పొదటూరుపేట. మగ్గాల చప్పుడుతో తెల్లవారే ఊళ్లు, రోజంతా వంగి చేసే పనులు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోదే, తెలుగు మాట్లాడే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇళ్లలో ‘డిస్కు’ అన్న మాట ముసలమ్మలకు కూడా తెలుసు. అరిగిన డిస్కును తీసేసి దాని చోట కొత్తది పెట్టవచ్చని ఎవరో చెబుతారు, దానికి విదేశాలకు పోవాలని ఇంకెవరో అంటారు. ఆ కొత్త డిస్కు ఎక్కడ పుట్టి, ఎన్ని దెబ్బలు తిని ఇక్కడిదాకా వచ్చిందో తెలుసుకుంటే ఆ సలహాల విలువ తేలుతుంది.

మన వెన్నులో 23 డిస్కులుంటాయి. పైన గట్టి నారపొరలు, లోపల నీళ్లూరే గుజ్జు. తాటిముంజను తలుచుకుంటే సరిపోతుంది. నిటారుగా నిలబడ్డప్పటి కంటే ముందుకు వంగి కూర్చున్నప్పుడు ఆ గుజ్జు మీద ఒత్తిడి ఎక్కువని స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో మనుషుల వెన్నులోకి సూది పంపి మరీ కొలిచాడు. పెద్దవాళ్ల డిస్కు లోపలికి రక్తనాళాలు పోవు. దానికి కావలసిన పోషణ పైన, కింద ఉన్న ఎముక పలకల గుండా ఊరి రావలసిందే. ఎంత నెమ్మదిగా వస్తుందో కోయంబత్తూరు గంగా హాస్పిటల్‌లో డాక్టర్ ఎస్.రాజశేఖరన్ బృందం చూపించింది. నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి వరసగా ఎమ్మారైలు తీస్తే, ఎముకలో 5 నిమిషాల్లో నిండిన మందు డిస్కు గుజ్జులో నిండడానికి దాదాపు 6 గంటలు పట్టింది. 2004లో ఆ పరిశోధనకు అంతర్జాతీయ బహుమతి వచ్చింది. ఇంత నిదానంగా తిండి అందే కణజాలం ఒకసారి చెడితే బాగుపడడం కష్టం.

అందుకే పాత పద్ధతి డిస్కును వదిలేసి, పైపూసనూ కిందిపూసనూ ఒకటిగా అతికించేయడం. 1911 నుంచీ ఉన్నదే. నొప్పి తగ్గవచ్చు గానీ అక్కడ కదలిక పోతుంది, ఆ భారం పక్క డిస్కుల మీద పడుతుందన్న భయం వైద్యులకు ఎప్పుడూ ఉంది. కదలికను నిలబెట్టాలని స్వీడన్ వైద్యుడు ఉల్ఫ్ ఫెర్న్‌స్ట్రోమ్ పూసల మధ్య ఉక్కు గుండ్లు పెట్టాడు. బేరింగుల్లో ఉండే గుండ్లలాంటివే. 1966లో ఫలితాలు ప్రచురించాడు. కానీ గుండు ఆనేది చిన్న చుక్క మీద, మోసేది నడుం బరువు. కొన్నేళ్లకు చాలామందిలో గుండ్లు ఎముకలోకి దిగబడ్డాయి.

తర్వాతి అడుగు తూర్పు బెర్లిన్‌లో పడింది. వేసింది ఒక ఒలింపిక్ విజేత. 1972 మ్యూనిక్ క్రీడల్లో రెండు స్వర్ణాలతో కలిపి 5 పతకాలు గెలిచిన జిమ్నాస్ట్ కారిన్ యాంజ్ తర్వాత ఎముకల వైద్యురాలై, కారిన్ బూట్నర్-యాంజ్‌గా షరిటే ఆసుపత్రిలో చేరింది. వెన్నును విల్లులా వంచిన మనిషి వెన్ను కదలికను కాపాడే పనికి దిగడం నాకు భలే నచ్చిన సంగతి. సహచరుడు కుర్ట్ షెల్నాక్‌తో కలిసి ఆమె 1982లో నమూనా గీసింది. పైన, కింద రెండు లోహపు పలకలు, మధ్యలో జారే పాలిథిలీన్ గుండీ. తుంటికీలు మార్పిడిలో అప్పటికే నిలబడిన జోడీ అది. 1984లో తొలిసారి మనిషిలో అమర్చారు. మొదటి నమూనా పలకలు చిన్నవి, ఎముకలోకి దిగాయి. రెండోదానికి రెక్కలు పెడితే అవి విరిగాయి. 1987లో కోబాల్ట్-క్రోమియం పలకలతో, పూస వైశాల్యాన్నంతా ఆనుకునేలా మూడోది వచ్చాకే అది నిలదొక్కుకుంది. ఫ్రాన్స్‌లో తియరీ మార్నే 1990లో మొదలుపెట్టిన ప్రోడిస్క్ దీనికి పోటీదారు.

ఇక విదేశ ప్రయాణాల కాలం. ఐరోపాలో దొరికే బూట్నర్-యాంజ్ డిస్కు అప్పట్లో అమెరికాలో దొరికేది కాదు. అక్కడ 304 మంది మీద పరీక్షించి, 2004 అక్టోబరులో గానీ అనుమతి ఇవ్వలేదు. పూసలు అతికించడం కంటే తీసిపోదని తేలింది, అంతే. ఈలోగా డబ్బున్న అమెరికన్లు జర్మనీకి విమానం ఎక్కారు. అనుమతి వచ్చాక కూడా ప్రయాణాలు ఆగలేదు, ఎందుకంటే బీమా సంస్థలు చెల్లించబోమన్నాయి. 60 ఏళ్లు దాటినవారికి నడుము డిస్కు మార్పిడి ఖర్చు భరించబోనని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ 2007లో తేల్చిచెప్పింది.

మనవైపు గాలి ఎదురు తిరిగింది. విదేశానికి పోయే డబ్బు సమకూరక 1979లో ఒక యువ హృద్రోగి చనిపోవడమే తనను కదిలించిందని చెప్పే డాక్టర్ ప్రతాప్ సి.రెడ్డి మన చిత్తూరు జిల్లా అరగొండవారే. 1983లో ఆయన మద్రాసు గ్రీమ్స్ రోడ్డులో 150 పడకలతో అపోలో ఆసుపత్రి తెరిచారు. ఇప్పుడు కీళ్ల చికిత్సకు పరదేశీయులే చెన్నై వస్తున్నారు, కృత్రిమ డిస్కులూ ఇక్కడ వేస్తున్నారు. తిరుత్తణిలో లోకల్ రైలెక్కితే అంత దూరమే.

అయితే దగ్గరైనంత మాత్రాన అవసరమైనట్టు కాదు. నడుము డిస్కును కడుపు వైపు నుంచి, పెద్ద రక్తనాళాలను పక్కకు తప్పించి పెట్టాలి. తేడా వస్తే మళ్లీ అదే దారిన పోవడం ఇంకా ప్రమాదం. ఎముక గుల్లబారినవారికి, పూసల వెనకున్న చిన్న కీళ్లు అరిగినవారికి ఇది పనికిరాదు. అంటే మన ముసలివాళ్లలో చాలామందికి పనికిరాదు. మెడలో పెట్టే డిస్కులు మాత్రం నడుము డిస్కుల కంటే మంచి పేరు తెచ్చుకున్నాయి. ఇక డిస్కు నరాన్ని నొక్కి కాలు లాగే నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే నొక్కే ముక్కను తీసేసే చిన్న ఆపరేషన్ తరచూ సరిపోతుంది.

కాబట్టి పొలం అమ్మేముందు మీ సర్జన్‌ను రెండు ప్రశ్నలు అడగండి: నా వెనక కీళ్లు బాగున్నాయా? కొత్త డిస్కు లేకుండా కుదరదా? రెండో వైద్యుడికి కూడా ఎమ్మారై చూపించండి. కానీ నడుంనొప్పితో పాటు మలమూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు చచ్చుబడుతున్నా ఏ ప్రశ్నలూ వద్దు. ఆ గంటలోనే ఆసుపత్రికి బయలుదేరండి.