రెండో బిడ్డ కోసం ఎదురుచూపు – మళ్లీ పనిలో చేరే వేళ

మన ఓ.పి.కి వచ్చే తల్లులు తరచుగా అడిగే ఒక ప్రశ్న గురించి ఈసారి తెలుసుకుందాం. "సిస్టర్, పాపకు రెండేళ్లు దాటాయి. రెండో బిడ్డ కోసం చూస్తున్నాం. ఇంతలో పనికి రమ్మని పిలుపు వచ్చింది. చేరమంటారా, ఆగమంటారా? చేరిన వెంటనే నెల తప్పితే ఎలా?"

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ ప్రాంతాల్లో ఈ ప్రశ్న ఎక్కువగా వినిపిస్తుంది. సినిమా ఆఫీసుల్లో, డబ్బింగ్, ఎడిటింగ్ గదుల్లో, కాస్ట్యూమ్స్, మేకప్ విభాగాల్లో పనిచేసేవారు, డ్యాన్సర్లు, జూనియర్ ఆర్టిస్టులు, ఇళ్లల్లో పనిచేసే అమ్మలు అందరూ అడుగుతారు. పని వదులుకుంటే మళ్లీ పిలుస్తారో లేదోనని ఒక భయం. పనిలో చేరితే బిడ్డ సంగతి వెనకబడుతుందేమోనని ఇంకొక భయం. ఒకదాని కోసం రెండోది మానుకోవలసిన అవసరం సాధారణంగా లేదు. అయితే శరీరానికి ఎంత గడువు కావాలో, చట్టం ఏ రక్షణ ఇస్తుందో ముందుగా తెలుసుకోవాలి.

బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎంత ఎడం?

"సెలవులో ఉండగానే రెండోది కూడా అయిపోతే ఒక పని అయిపోతుంది, ఇద్దరూ కలిసి పెరుగుతారు" అని పెద్దలు అంటుంటారు. వినడానికి బాగానే ఉంటుంది కాని తల్లి ఒంటికి అది మంచిది కాదు. కాన్పు తరువాత కనీసం 24 నెలలు గడిచాకే మళ్లీ గర్భం కోసం ప్రయత్నించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సంప్రదింపులు 2005లో సూచించాయి. ఈ గడువులో తల్లి పోగొట్టుకున్న ఇనుము, ఫోలేట్ తిరిగి సమకూరుతాయి. మొదటి బిడ్డకు తల్లిపాలు నిండుగా అందుతాయి. నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువుతో పుట్టడం వంటి ప్రమాదాలు రెండో బిడ్డకు తగ్గుతాయి.

సిజేరియన్ అయినవారు దీన్ని మరీ జాగ్రత్తగా పాటించాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్‌తో జరిగాయి. అంటే మనలో చాలామందికి గర్భసంచి మీద కుట్టు ఉంది. మొదటి సిజేరియన్ తరువాత 18 నెలలు గడవకుండా రెండో కాన్పు నొప్పులు వస్తే ఆ కుట్టు విచ్చుకునే ప్రమాదం పెరుగుతుంది.

వయసు 35 దాటినవారి సంగతి వేరు. వారు రెండేళ్లూ ఆగాలా, కొంచెం ముందుగా ప్రయత్నించవచ్చా అన్నది డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఆరు నెలలలోపు మాత్రం ఎవరికీ మంచిది కాదు.

ఎడం కోసం వాడే పద్ధతి విషయంలోనూ ముందుచూపు ఉండాలి. కాపర్-టి తీయించుకున్నాక గర్భం నిలిచే శక్తి త్వరగానే తిరిగి వస్తుంది. మూడు నెలలకొకసారి వేయించుకునే 'అంతర' ఇంజెక్షన్ మానేశాక అందుకు చాలా నెలలు పట్టవచ్చు. ఎప్పుడు మళ్లీ బిడ్డ కావాలనుకుంటున్నారో చెబితే తగిన పద్ధతి మేము చెప్పగలం.

చేరిన వెంటనే నెల తప్పితే?

నెలజీతం మీద పనిచేసేవారు ఈ లెక్క గుర్తుంచుకోండి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు జీతంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచారు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కు కొనసాగుతోంది. మొదటి కాన్పుకు వాడుకున్నాం కదా, రెండో కాన్పుకు తగ్గిస్తారేమో అనుకోకండి. రెండో బిడ్డకూ అవే 26 వారాలు. ఇందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే తీసుకోవచ్చు.

అర్హత రావాలంటే కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో ఆ యజమాని దగ్గర 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. పనిలో చేరిన మరుసటి నెలలోనే నెల తప్పిందనుకుందాం. కాన్పుకు 8 వారాల ముందు సెలవు పెట్టినా, అప్పటికి ఏడు నెలలకు పైగా పని అయి ఉంటుంది. 80 రోజులు ఎప్పుడో దాటిపోతాయి. కాబట్టి గర్భం రావచ్చునన్న భయంతోనే వచ్చిన ఉద్యోగాన్ని కాదనుకోవద్దు. ప్రసూతి సెలవులో ఉన్న కారణంగా ఉద్యోగంలోనుంచి తీసివేయడం చట్టవిరుద్ధం. దురదృష్టవశాత్తు గర్భస్రావమైతే 6 వారాల సెలవు ఉంటుంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశుసంరక్షణ గది ఉండాలి.

నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉండి ఈ.ఎస్.ఐ. కోత పడుతున్నవారికి ప్రసూతి డబ్బు ఈ.ఎస్.ఐ. నుంచి వస్తుంది. దాని అర్హత చందా రోజుల లెక్క మీద ఆధారపడుతుంది. చేరిన నెలలోనే మీ డిస్పెన్సరీలో అడిగి తెలుసుకోండి.

రోజు కూలి మీద పనిచేసేవారు

సినిమా పనిలో చాలామందికి ఒక యజమాని అంటూ ఉండరు. ఈ వారం ఒక కంపెనీ, వచ్చే వారం మరొక కంపెనీ. ఇళ్లల్లో పనిచేసేవారిదీ దాదాపు ఇదే పరిస్థితి. అలాంటివారికి ఈ చట్టం చేతికి అందడం కష్టం. ఇది బాధాకరమైన నిజం. 2025లో నటి దీపికా పదుకొణె పేరుతో తల్లులకు 8 గంటల పని గురించి తెలుగు సినిమా రంగంలోనూ చర్చ జరిగింది. తెర మీద కనిపించే పెద్ద నటి అడిగితే వార్త అయింది. తెల్లవారుజామున బస్సెక్కే డ్యాన్సరుకూ, రాత్రి ఒంటిగంటకు బట్టలు మడతపెట్టే కాస్ట్యూమర్‌కూ అదే అవసరం ఉంది.

అందుకని రోజు కూలివారు ముందుగానే ఒక ఏర్పాటు చేసుకోవాలి. ఎడం పాటించే రెండేళ్లలో పనికి వెళ్లి, కనీసం నాలుగైదు నెలల ఇంటి ఖర్చు వేరుగా దాచుకోండి. పొదుపు సంఘంలో గాని పోస్టాఫీసులో గాని వేయండి. యూనియన్ కార్డు ఉన్నవారు కాన్పు సహాయం ఏమైనా ఉందేమో మీ యూనియన్ ఆఫీసులో అడగండి. గర్భం నిలిచాక బరువులు ఎత్తే పని, గంటల తరబడి నిలబడే పని తగ్గించమని సిగ్గుపడకుండా చెప్పండి.

పనికి వెళితే గర్భం రాదా?

పని చేసినంత మాత్రాన గర్భం ఆగదు. అయితే షూటింగుల వేళలు భార్యాభర్తలను దూరం చేస్తాయి. భర్త లైట్‌మ్యాన్‌గా నెలరోజులు ఔట్‌డోర్ వెళతాడు, భార్యకు నైట్ షిఫ్టు పడుతుంది. ఇద్దరిలో ఏ లోపమూ ఉండదు, గర్భం వచ్చే రోజుల్లో కలిసి ఉండరు, అంతే. తరువాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. అది ఒక రోజుకు మించి బ్రతకదు. పురుష బీజకణాలు ఐదు రోజుల వరకు ఉండగలవు. 28 రోజులకు నెలసరి వచ్చేవారు 10వ రోజు నుండి 16వ రోజు వరకు రోజు విడిచి రోజు కలిస్తే చాలు. క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుని, వీలైతే ఆ రోజులు చూసుకుని పని ఒప్పుకోండి.

పాలిచ్చే తల్లికి నెలసరి రాకపోయినా గర్భం రావచ్చు. రెండో బిడ్డ కోసమని మొదటి బిడ్డకు తొందరపడి పాలు మాన్పించకండి.

ముందుగా చేయించుకోవలసినవి

- హిమోగ్లోబిన్: 12 గ్రాములకు తగ్గితే ఇప్పుడే సరిచేసుకోవాలి. పై సర్వే ప్రకారం తెలంగాణలో 57.6 శాతం స్త్రీలకు రక్తహీనత ఉంది.
- షుగరు, బి.పి., థైరాయిడ్ పరీక్షలు. మొదటి కాన్పులో షుగరు, బి.పి. వచ్చినవారు తప్పక చేయించుకోవాలి.
- ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాముల మాత్ర, గర్భానికి కనీసం నెల ముందు నుండి రోజూ ఒకటి.
- మొదటి కాన్పు కాగితాలు, సిజేరియన్ అయితే డిశ్చార్జి సమ్మరీ తెచ్చుకోండి.

ఎప్పుడు డాక్టరును కలవాలి?

100 జంటలలో 80కి పైగా జంటలకు ఏడాదిలోపు గర్భం వస్తుంది. 35 ఏళ్లలోపువారు ఏడాది ప్రయత్నించాక, 35 దాటినవారు ఆరు నెలలకే డాక్టరును కలవాలి. నెలసరి క్రమం తప్పినవారు, ఇంతకుముందు క్షయ వచ్చినవారు ఆగకుండా రావాలి. మొదటి బిడ్డ సులువుగా పుట్టినా రెండోసారి ఇబ్బంది రావచ్చు. ట్యూబులు మూసుకుపోవడం, థైరాయిడ్, బరువు పెరగడం, వయసు ఇందుకు కారణాలు కావచ్చు.

పరీక్షకు భార్య ఒక్కతే రాకూడదు. సుమారు సగం జంటల్లో పురుషునిలోనూ కారణం ఉంటుంది. వీర్య పరీక్ష సులువైనది, ఖర్చు తక్కువ. గుట్కా, సిగరెట్, మద్యం మానాలి. కండల కోసం జిమ్‌లో వేయించుకునే టెస్టోస్టిరాన్, స్టిరాయిడ్ ఇంజెక్షన్లు బీజకణాలను బాగా తగ్గిస్తాయి. ఫైట్లు, డ్యాన్సులు చేసే తమ్ముళ్లు ఈ మాట గమనించాలి.

ఇంటివారికి, సంఘస్థులకు ఒక మాట

ఆదివారం ఆరాధన అయ్యాక "రెండోవాడు ఎప్పుడమ్మా?" అని ప్రేమతోనే అడుగుతాము. నెలనెలా ఎదురుచూసి కన్నీరు పెట్టుకునే తల్లికి ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంటుంది. "ఒకరున్నారుగా, ఇంకేం?" అన్నా అంతే. అడగడం మాని, శనివారం మధ్యాహ్నం పెద్దబిడ్డను రెండు గంటలు చూసుకోండి. అది మేలైన సహాయం. మగబిడ్డే కావాలని ఆమెను వేధించవద్దు. ఆడో మగో నిర్ణయించేది తండ్రి బీజకణమే.

మొదటి సమూయేలు గ్రంథంలో హన్నా సంగతి మనకు తెలుసు. సమూయేలు పాలు మానేవరకు ఆమె షిలోహుకు వెళ్లలేదు. ఎల్కానా ఆమెను తొందరపెట్టలేదు, నీకు మంచిదని తోచినట్టు చేయమన్నాడు. తరువాత ఆమెకు మరి ముగ్గురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు కలిగారు. ఆ ఇంట్లో బిడ్డకు గడువు దొరికింది, తల్లి మాటకు విలువ దొరికింది. మన ఇళ్లలోనూ అలాగే జరగాలని మా ప్రార్థన.

సందేహాలుంటే ఓ.పి.లో నర్సులను అడగండి. భార్యాభర్తలిద్దరూ కలిసి రండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్