కంచే చేను మేస్తే?

ఎముకల లోపలి మెత్తని పదార్థాన్ని మనవాళ్లు మూలుగ అంటారు. నెత్తురు తయారయ్యేది అక్కడే. రక్త క్యాన్సరు, తలసీమియా వంటి జబ్బులలో ఆ మూలుగను ఘాటైన మందులతో తుడిచివేసి, దాత ఇచ్చిన మూలకణాలను నరంలోకి ఎక్కిస్తారు. అమెరికాలో డాక్టరు డొనాల్ థామస్ 1957లో ఈ ప్రయత్నాన్ని లోకానికి తెలియజేశారు. 1990లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మన దేశంలో 1983లో బొంబాయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో ఈ చికిత్స మొదలయింది.

కొత్త కణాలు కుదురుకున్నాయనగానే గండం గడిచిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. నిజానికి జాగ్రత్త పడవలసింది అప్పుడే. ఎందుకంటారా? దాత కణాలతోపాటు ఒంటికి కాపలా కాసే తెల్లకణాలు కూడా వస్తాయి. వాటికి రోగి శరీరం పరాయిదిగా తోస్తే చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద తిరగబడతాయి. కంచే చేను మేయడమంటే ఇదే గదా! అయితే మిగిలిపోయిన క్యాన్సరు కణాలను వేటాడేదీ ఆ కంచే. అందుకని వైద్యులు దాన్ని పీకివేయరు, అదుపులో పెడతారు.

పేగులు దెబ్బతింటే నీళ్ల విరేచనాలు, కడుపునొప్పి, వాంతులు, ఒక్కొక్కప్పుడు నెత్తురు. కాలేయం దెబ్బతింటే కళ్లు పచ్చబడతాయి. ఇవి ఎక్కువగా మొదటి 100 రోజులలో కనిపిస్తాయి. తర్వాత రావని కాదు.

మరొక చిక్కు సాధారణంగా మొదటి మూడు వారాలలో వస్తుంది. ఘాటైన మందుల దెబ్బకు కాలేయంలోని సన్నని రక్తనాళాలు పూడుకుపోతాయి. కుడి డొక్కలో నొప్పి, పొట్ట ఉబ్బు, బరువు పెరగడం దాని గుర్తులు. రోగి ఒళ్లు చేశాడని మురిసిపోకండి; అది ఒంట్లో చేరిన నీరు.

విరేచనాలన్నీ ఒకటి కావు. తిరగబడ్డ కణాలవల్ల అయితే స్టిరాయిడ్లు ఇస్తారు. సూక్ష్మజీవులవల్ల అయితే అవే స్టిరాయిడ్లు కీడు చేయవచ్చు. అందుకే పేగులోకి గొట్టం పంపి, చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు.

మన ఇళ్లలో కామెర్లనగానే పసరు మందు, విరేచనాలనగానే కషాయం. ఈ రోగికి అవి వద్దు. “మళ్లీ ఆస్పత్రా?” అని అతడు దాచినా మీరు కనిపెట్టాలి. రోజూ బరువు తూచి, విరేచనాలు లెక్కపెట్టి ఒక పుస్తకంలో రాయండి. అప్పుడే వండినదే పెట్టండి. బజారులో కోసి అమ్మే పండ్లు పెట్టకండి. కళ్లు పచ్చబడినా, విరేచనాలు పట్టుకున్నా తెల్లవారనిద్దామనుకోకుండా వెంటనే డాక్టరుకు తెలియజేయండి.