దరోజి ఎలుగుబంట్లను చూడబోయే వారికి

బళ్లారిలో తరతరాలుగా కాపురమున్న మన కుటుంబాలకు హంపి కొత్త కాదు. చుట్టాలు వచ్చినప్పుడల్లా విరూపాక్షుని గుడి, విఠలాలయంలో రాతిరథం చూపించి, తుంగభద్ర ఆనకట్ట వద్ద సాయంత్రం గడిపి ఇల్లు చేరడం మనకు పరిపాటి. కాని హంపికి 15 కిలోమీటర్ల దూరంలో, కమలాపురానికి అవతల, ఎలుగుబంట్ల కొరకే కేటాయించిన అడవి ఒకటి ఉన్నదని విన్నవారిలో దానిని కన్నవారు తక్కువ. వెళ్లి వచ్చిన వారిలో కూడా సగం మంది "ఏమున్నది అక్కడ? జనమే జనం, ఒక్క ఎలుగు కనపడలేదు" అంటారు. తప్పు ఎలుగుది కాదు. పోయిన రోజు మంచిది కాదు, అంతే.

అడవి అన్నాం గదా అని మహావృక్షాలను, సెలయేళ్లను ఊహించుకోరాదు. ఏడాదికి 50 సెంటీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల మనది. దరోజి అడవి అంటే బండ మీద బండ, ఆ బండల నడుమ ముళ్లపొదలు, ఎండిన గడ్డి. వేసవిలో ఎడారి అన్నా తప్పు లేదు. ఎలుగుకు కావలసినది సరిగా అదే. బండల సందుల్లోని గుహలు పగలంతా చల్లగా ఉంటాయి. పుట్టల్లో చెదలు దొరుకుతాయి. కాలాన్ని బట్టి రేగు, నేరేడు, సీతాఫలం పండుతాయి. 1994లో బిళికల్లు రక్షిత అరణ్యంలో 5,587 హెక్టార్లను ఈ జంతువుల ఆశ్రయంగా ప్రకటించారు. 2009లో మరికొంత చేర్చగా ఇప్పుడది 82 చదరపు కిలోమీటర్లకు పైబడి ఉన్నది. చిరుతలు, నక్కలు, అడవిపందులు, నెమళ్లు, వీపున చుక్కల వంటి గీతలున్న నక్షత్ర తాబేళ్లు కూడా అక్కడ నివసిస్తాయి. కిష్కింధ ఈ ప్రాంతమే అంటారు గనుక, జాంబవంతుని వంశం తమ సొంత ఊళ్లోనే ఉన్నదని మన పెద్దలు నవ్వుతూ అనడం కద్దు.

ఎలుగు చూపు మందం, చెవి కూడా అంతంత మాత్రమే. దాని బలమంతా ముక్కులో ఉన్నది. పై పలువరుసలో ముందటి రెండు పళ్లు ఉండవు. పుట్టను గోళ్లతో తవ్వి, ముక్కుపుటాలు మూసుకొని, ఆ పళ్ల సందు గుండా చెదలను గాలితో సహా లోపలికి పీల్చుకుంటుంది. ఆ చప్పుడు చాలా దూరం వినబడుతుంది. చలికాలంలో పుట్టిన పిల్లలను తల్లి కొన్ని నెలల పాటు వీపు మీద మోసుకు తిరుగుతుంది. మన చిన్నతనంలో ముక్కుకు తాడు వేసి వీధి వీధి ఆడించిన ఎలుగునే చూచిన వారం మనం. 1972 నాటి వన్యప్రాణి చట్టం తరువాత కూడా ఆ ఆట చాలాకాలం సాగి, 2009 నాటికి గాని ఆగలేదు. బండ మీద స్వేచ్ఛగా, వీపున పిల్లతో నడిచిపోయే ఎలుగును చూడడం వేరు.

చూచే చోటు ఒక్కటే. కరడికల్లు గుడ్డ ఎదుట ఒక కావలి గోపురం ఉన్నది. కన్నడంలో కరడి అంటే ఎలుగే అని మనకు చెప్పనక్కర లేదు. మధ్యాహ్నం అటవీ సిబ్బంది ఆ బండలకు బెల్లపు పాకం పూసి వస్తారు. ఎండ వాలిన కొద్దీ ఎలుగులు దిగి వచ్చి నాకుతాయి. ఇలా తిండి ఎర చూపడం అడవి జంతువుకు మేలా అని అడిగేవారు ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే అని మా అభిప్రాయం. సందర్శకులను మధ్యాహ్నం నుండి సాయంకాలం ఆరు గంటల వరకే ఉండనిస్తారు. బళ్లారి నుండి దారి సుమారు 50 కిలోమీటర్లు. కనుక పెందలాడే భోజనం ముగించి పన్నెండింటికి బయలుదేరినా చాలును. ఉదయం హంపి అంతా తిరిగి, అలసిన పిల్లలతో నాలుగింటికి గోపురం ఎక్కేవారికి మిగిలేది వెనుక వరుస, పిల్లల ఏడుపు.

ఇక రోజు సంగతి. డిసెంబరు 20 మొదలు కొత్త సంవత్సరం వరకు హంపిలో అడుగు పెట్టడానికి చోటుండదు. వచ్చినవారిలో కొందరు ఇటూ వస్తారు. ఆ గోపురం మీద పట్టేది కొద్దిమందే. మిగతావారు కింద నిలబడి మాట్లాడుతూ ఉంటారు. శని ఆదివారాలూ, వాటికి సెలవు అతుక్కున్న సోమవారాలూ అంతే. హంపి ఉత్సవం ఒకప్పుడు నవంబరు మొదటివారంలో జరిగేది; ఈ మధ్య జనవరి చివర, ఫిబ్రవరి, మార్చి అని తేదీ మారుతున్నది. కనుక బస్సు మాట్లాడే ముందే ఆ తేదీ కనుక్కోవాలి. చైత్రంలో విరూపాక్షుని రథోత్సవపు రోజులు కూడా వదలాలి. వానలు వెనుకపట్టిన తరువాత అడవి పచ్చగా కన్నుల పండువే గాని, పొదలు పెరిగి ఎలుగు మరుగున పడుతుంది. ఏప్రిల్, మే నెలల ఎండకు పెద్దవారిని తీసుకుపోవడం మాటే వద్దు.

మిగిలినది సంక్రాంతి దాటి ఫిబ్రవరి నడిమి దాకా, మంగళ, బుధ, గురువారాలు. గడ్డి ఎండి చూపు దూరం సాగుతుంది. గాలి చల్లగా ఉంటుంది.

మన సంఘం వనభోజనపు బస్సు ప్రతి ఏటా డిసెంబరు చివరి వారంలోనే కదులుతున్నది. పిల్లలకు సెలవులు అప్పుడే అన్నది కారణం. కాదనలేము. కాని ఆ రద్దీలో గంటల తరబడి నిలబడలేక, డెబ్బై దాటిన మన అక్కయ్యలు, పెదనాన్నలు ఏటేటా ఇంటి వద్దనే ఉండిపోతున్నారు. వారికి వచ్చే ఏడు, ఆపై ఏడు అని వాయిదా వేయగల వ్యవధి లేదు. అందుచేత మేము చెప్పేది ఇది: పెద్దలకు మాఘమాసంలో ఒక బుధవారం చిన్న బస్సు, పిల్లలకు దసరా సెలవులలోనే, విజయదశమి వెళ్లిన తరువాత, జనం ఊళ్లకు మరలిన వారం మధ్యలో మరొకటి. పిల్లలకు పొదల వలన ఎలుగు కాస్త తక్కువ కనబడవచ్చు. వారికి మళ్లీ పోవడానికి కాళ్లున్నవి.

ఖర్చు రెట్టింపవుతుందని కార్యవర్గంలో ఒకరు అన్నారు. చిన్న బస్సులు రెండైనా, పండుగ రోజుల బాడుగకంటే మామూలు రోజుల బాడుగ తక్కువే గదా. లెక్క వేసి చూడవలసినది.

మరొక మాట. గోపురం మీద కేకలు వేస్తే ఎలుగు బండ దిగి పోతుంది. అడవి అంచున వేరుశనగ, మొక్కజొన్న చేలున్నవి. తెల్లవారుజామున చేనికి పోయే రైతుకు అది ఎదురుపడితే ప్రాణాపాయమే. మన సందడి వెల ఆ రైతు చెల్లించరాదు. ఆడవారు ఆ ఒక్క పూట మల్లెలు, అత్తరు మానితే మంచిది; వేడి ఉగ్గాణి, మిరపబజ్జీల పొట్లాలు కూడా గోపురం దిగి, అడవి దాటిన తరువాతనే విప్పాలి. దుర్భిణి ఉన్నవారు తప్పక తీసుకురండి. మాఘం బస్సుకు పేర్లు ఇవ్వదలచినవారు సంక్రాంతి లోపల కార్యాలయంలో చెప్పండి. మెట్లు ఎక్కలేని వారు ఆ సంగతి కూడా చెబితే, కింద కుర్చీ వేయడానికి వీలున్నదేమో ముందుగా అడిగి వస్తాము.