మీకు తెలుసా? లైసెన్స్‌లు వెతికే సర్వర్ ఎక్కడ అలసిపోతుందో!

పెద్ద సోర్స్‌కోడ్ మూటను ఫాసాలజీకి అప్పగించి సాయంత్రం ఇంటికెళతారు. పొద్దున వచ్చి చూస్తే పని సగమే అయ్యుంటుంది. "ప్రాసెసర్ చాలడం లేదు, కొత్త సర్వర్ కొనాలి" అనే మాట అప్పుడే పుడుతుంది. చాలాసార్లు ఆ మాట తప్పు.

ఫాసాలజీ గురించి వినని వారికి రెండు ముక్కలు. ఏ ఫైలు ఏ ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉందో, దాని కాపీరైట్ ఎవరిదో వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ఇది. హెచ్‌పీ సంస్థలో పుట్టింది, 2015లో లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కిందికి చేరింది. ఈ వెతుకులాట కాగితాల తంతు కాదు. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ షరతులు పాటించకుండా వైర్‌లెస్ రౌటర్ అమ్మిన సంస్థపై 2004లోనే జర్మనీలోని మ్యూనిక్ కోర్టు నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. సర్వర్ నెమ్మదిగా నడిస్తే జనం తనిఖీనే ఎగ్గొడతారు. నన్ను బాధపెట్టేది అదే.

కోసేవాళ్లు పదిమంది, కాటా ఒక్కటే

ఫాసాలజీలో పని చేసేది ఒక్క ప్రోగ్రాం కాదు, ఏజెంట్ల గుంపు. ఒకటి మూట విప్పుతుంది. నోమోస్ లైసెన్స్ పదబంధాలను పట్టుకుంటుంది. మంక్ లైసెన్స్ పాఠాన్ని పోల్చి చూస్తుంది. ఓజో లైసెన్స్ పేరు చెప్పే ఎస్‌పీడీఎక్స్ గుర్తుల కోసం వెతుకుతుంది. అందరూ తమకు దొరికినదాన్ని రాసేది మాత్రం ఒక్కచోటే, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో. పదిమంది వరి కోస్తున్నా కళ్లంలో కాటా ఒక్కటే ఉంటే బస్తాలు వరుస కట్టాల్సిందే కదా! ఫాసాలజీ కాన్ఫిగరేషన్ ఫైలులో హోస్ట్స్ విభాగం చూడండి. ఒక యంత్రం మీద ఒకేసారి ఎన్ని ఏజెంట్లు నడవవచ్చో చెప్పే అంకె అక్కడ ఉంటుంది. దాన్ని పెంచేముందు ప్రాసెసర్ ఖాళీగా ఉందా, డిస్కు కోసం ఎదురుచూస్తోందా అన్నది టాప్ కమాండ్‌లో చూసుకోవాలి. 'డబ్ల్యూఏ' పక్కనున్న శాతం ఎక్కువగా ఉంటే అడ్డం డిస్కు దగ్గరే. అప్పుడు ఏజెంట్లను పెంచితే వరుస పొడవవుతుందే తప్ప పని కదలదు.

128 మెగాబైట్ల కాపురం

64 గిగాబైట్ల ర్యామ్ ఉన్న సర్వర్ మీద వేసినా పోస్ట్‌గ్రెస్ తనకోసం మామూలుగా తీసుకునే షేర్డ్ బఫర్ 128 మెగాబైట్లే! చిన్న యంత్రం మీదైనా లేచి నిలబడాలని పెట్టిన అంకె అది. డేటాబేస్‌కే కేటాయించిన సర్వర్‌లో మొత్తం ర్యామ్‌లో పావు వంతు ఇవ్వడం అనుభవజ్ఞుల లెక్క. 16 గిగాబైట్లుంటే 4 అన్నమాట. ఏజెంట్లు కూడా అదే యంత్రం మీద నడుస్తుంటే వాటి వాటా తీసేశాకే ఈ పావు వంతు లెక్క వేయాలి. సాలిడ్ స్టేట్ డిస్కు వాడుతుంటే ర్యాండమ్ పేజ్ కాస్ట్ అనే విలువ కూడా చూడండి. తిరిగే పాత డిస్కులను దృష్టిలో పెట్టుకుని అది 4 దగ్గర ఉంటుంది. 1.1కి తగ్గిస్తే డేటాబేస్ ఇండెక్సులను ధైర్యంగా వాడుతుంది.

వర్క్ మెమ్ అనే పోస్ట్‌గ్రెస్ విలువ దగ్గర మాత్రం చేయి వణకాలి. దాని మామూలు విలువ 4 మెగాబైట్లు. అది మొత్తం సర్వర్‌కు పెట్టిన హద్దు అనుకుని 256కు పెంచేవాళ్లున్నారు. నిజానికి ఒక్కో క్వెరీలోని ఒక్కో సార్టింగుకూ విడివిడిగా అంత మెమరీ దక్కుతుంది. పది కనెక్షన్లు, ఒక్కోదాంట్లో నాలుగు సార్టింగులు అనుకుందాం. 10 గిగాబైట్లు ఆవిరి! ఆ తర్వాత ర్యామ్ చాలక డిస్కును వాడుకునే స్వాప్ మొదలవుతుంది, పని మొదటికంటే నెమ్మదిస్తుంది.

తాళం తీసేసి పరుగెత్తకండి

రాసినది డిస్కుకు చేరేలా చూసే ఎఫ్‌సింక్‌ను పోస్ట్‌గ్రెస్‌లో ఆఫ్ చేస్తే స్కానింగ్ వేగం పెరుగుతుందని సలహా ఇచ్చేవాళ్లు కనిపిస్తారు. పెరిగే మాట నిజమే. కరెంటు పోయిన రోజున డేటాబేస్ మొత్తం పాడైపోయే ప్రమాదమూ అంతే నిజం. నెలల తరబడి మనుషులు కూర్చుని ఒక్కో ఫైలు చూసి ఇచ్చిన నిర్ణయాలు ఆ డేటాబేస్‌లోనే ఉంటాయి. స్కాన్‌ను మళ్లీ నడపవచ్చు, ఆ నిర్ణయాలను మళ్లీ తేలేం. అంత అవసరమైతే సింక్రనస్ కమిట్ ఆపండి. ప్రమాదం జరిగితే చివరి క్షణాల లావాదేవీలు పోవచ్చుగానీ డేటాబేస్ చెడదు.

జాగా ఉంది, కానీ లేదు!

డిస్కులో సగం ఖాళీ కనిపిస్తుంది. అయినా 'జాగా లేదు' అని ఏజెంట్లు చతికిలబడతాయి. కారణం ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైలుకు ఒక్కోటి చొప్పున కావాల్సిన నమోదు గళ్లు. ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ మామూలుగా ప్రతి 16 కిలోబైట్లకు ఒక ఐనోడ్ చొప్పున ముందే కేటాయించుకుంటుంది. ఒక టెరాబైటుకు సుమారు ఆరు కోట్లు. ఫాసాలజీ మూటలో మూటను, దానిలోని మరో మూటను కూడా విప్పి ఫైళ్లుగా పరుస్తుంది. చిన్న చిన్న ఫైళ్లు కుప్పపడితే జాగా కంటే ముందు ఐనోడ్లు అయిపోతాయి. ఈ నిష్పత్తిని తర్వాత మార్చలేం, డిస్కును మళ్లీ ఫార్మాట్ చేయాల్సిందే. అందుకే ఫాసాలజీ ఫైళ్లు దాచే రిపాజిటరీకి డిస్కు సిద్ధం చేసేటప్పుడే దీన్ని తేల్చుకోవాలి. ఎక్స్ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ అయితే అవసరాన్నిబట్టి ఐనోడ్లను పెంచుకుంటూ పోతుంది.

ఒకే ఫైలు రెండుసార్లు చదవదు

నాకు బాగా నచ్చిన సంగతి ఇది. రిపాజిటరీలో ఫైలును అసలు పేరుతో దాచరు. దాని షా1, ఎండీ5 ముద్రలు, సైజు కలిపి పేరుగా పెడతారు. కాబట్టి లోపలి సరుకు ఒకటే అయితే పేరూ ఒకటే. లైనక్స్ కెర్నల్‌లో ఒక వెర్షన్ నుంచి మరో వెర్షన్‌కు మారని ఫైళ్లు వేలల్లో ఉంటాయి. అవి ఇంతకుముందే స్కాన్ అయ్యుంటే, ఏజెంట్ వెర్షన్ మారకపోతే, మళ్లీ చదవాల్సిన పనే లేదు. మొదటి అప్‌లోడ్‌కు రాత్రంతా పట్టినా రెండోది చకచకా సాగేది అందుకే. పాత అప్‌లోడ్‌లో మనుషులు తీసుకున్న నిర్ణయాలను కొత్తదానికి తెచ్చుకునే రీయూజ్ సౌకర్యమూ ఉంది. అప్‌లోడ్ చేసేటప్పుడు గిట్, ఎస్‌వీఎన్ వంటి వాటి లోపలి ఫైళ్లను వదిలేయమనే ఎంపికను టిక్ చేస్తే ఇంకొంత భారం తగ్గుతుంది.

అసలు అప్‌లోడే కావడం లేదా? పీహెచ్‌పీ మామూలుగా 2 మెగాబైట్లకు మించిన ఫైలును లోపలికి రానివ్వదు. అప్‌లోడ్ హద్దుతోపాటు పోస్ట్ హద్దును, మెమరీ హద్దును కూడా పెంచాలి.

చెరిపినా పోని వరుసలు

పాత అప్‌లోడ్‌లను తొలగించాం కదా, డేటాబేస్ తేలికపడిందనుకుంటాం. పోస్ట్‌గ్రెస్ చెరిపిన వరుసలను వెంటనే తీసేయదు, చచ్చిన వరుసలుగా అక్కడే ఉంచుతుంది. వాటి చోటును మళ్లీ వాడుకునేలా చేసేది వాక్యూమ్. ఆటోవాక్యూమ్ నడుస్తూనే ఉంటుందిగానీ, పెద్ద తొలగింపు తర్వాత ఫాసాలజీ అడ్మిన్ మెనూలోని మెయింటెనెన్స్‌కు వెళ్లి వాక్యూమ్, అనలైజ్ చేయించడం మంచి అలవాటు. అనలైజ్ లేకపోతే డేటాబేస్ పాత లెక్కలనే నమ్ముకుని దూరపు దారిలో వెతుకుతుంది.

మీ ఆఫీసులో ఇలాంటి సర్వర్ ఉంటే, కొత్త యంత్రానికి కొటేషన్ అడిగేముందు ఈ మూడూ చూడండి: టాప్‌లో డబ్ల్యూఏ శాతం, డీఎఫ్ కమాండ్‌కు ఐ జోడిస్తే కనిపించే ఐనోడ్ల లెక్క, పోస్ట్‌గ్రెస్‌లో షేర్డ్ బఫర్స్ విలువ.