రికార్డు ప్లేయర్ గుయ్‌మంటోందా? ఎర్త్ పిన్ను తీయకండి

రుద్రారం (పటాన్‌చెరు): అటక మీది నుంచి దించిన పాత రికార్డు ప్లేయర్‌లో పాటతోపాటు ‘గుయ్’మనే రొద వినిపించడం తరచూ ఎదురయ్యే సమస్యే. పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న రుద్రారం వంటి ఊళ్లలో ఫ్యాక్టరీ మోటార్లపై అనుమానం కలగడం సహజం. అయితే లోపం ఎక్కువగా ఇంట్లోని తీగల్లోనే ఉంటుంది.

కారణమిదీ..

ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సూది వద్ద పుట్టే సంకేతం కొన్ని మిల్లీవోల్టులే. తీగపై ఉండే లోహపు అల్లిక తెగినా, సన్నని ఎర్త్ వైరు ఊడినా కరెంటు రొద ఆ సంకేతంలో చేరుతుంది. ఆంప్లిఫయర్ దానినీ కలిపి పెంచుతుంది.

ఇలా పరీక్షించాలి

* ఆంప్లిఫయర్ ఆపి, ప్లేయర్ ఎర్త్ వైరును దాని వెనుకనున్న ‘జీఎన్‌డీ’ మరకు బిగించాలి.

* ఒక్క స్పీకరులోనే రొద ఉంటే కుడి, ఎడమ పిన్నులు మార్చాలి. రొద రెండో స్పీకరుకు మారితే లోపం ప్లేయర్‌లోనో, తీగలోనో ఉన్నట్లు. మారకుంటే ఆంప్లిఫయర్‌ది.

* ప్లేయర్‌ను దూరం జరిపితే రొద తగ్గితే, ఆంప్లిఫయర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ కారణం.

* పరికరాలన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వాలి. వేర్వేరు చోట్ల ఎర్త్ కలిసినా రొద పుడుతుంది.

ప్రాణాలకు ముప్పు

కొందరు ప్లగ్గులోని లావుపాటి మూడో పిన్నును తొలగిస్తారు. రొద ఆగవచ్చు. కానీ లోపల తీగ తొడుగు చెడి పెట్టెకు కరెంటు పాకితే, తాకినవారి శరీరమే ఎర్త్ అవుతుంది. పెట్టెను తాకగానే జిల్లుమంటే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఇంటి ఎర్త్ గుంతనూ పరీక్షింపజేయాలి. వేసవిలో అది ఎండిపోకుండా నీరు పోయాలి.