రిపోర్టు వచ్చేదాకా గుండె దడ

రొమ్ములో గడ్డ తగిలింది, సూది పరీక్ష అయింది. రిపోర్టు ఇంకా రాలేదు. రాత్రిళ్ళు మీకు నిద్ర లేదు, గుండె దడ. దీన్నే యునానీలో ఖఫఖాన్ అంటారు. ఇలాంటి గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కావు. అయినా రిపోర్టు చూడకుండా ఎవరూ, హకీమైనా సరే, ఆ మాట ఖాయంగా చెప్పలేరు.

గడ్డను మాటిమాటికీ నొక్కి చూసుకోకండి. లేపం, కాపడం, మాలిష్ వద్దు. నిద్ర, మనసు నెమ్మది యునానీ చెప్పే ఆరు అవసరాల్లోవే, సాయంత్రం తర్వాత చాయ్ మానండి (మన ఇళ్ళలో కష్టమే!). ఖమీరా గావ్‌జబాన్ దడకు ఇచ్చేదే గానీ గడ్డను కరిగించదు. అందులో చక్కెర ఉంటుంది, షుగర్ ఉన్నవారు అడగకుండా వాడరాదు.

సిగ్గుపడి ఒంటరిగా మోయకండి. భర్తకో ఆపాకో చెప్పి, రిపోర్టు రోజు తోడు తీసుకెళ్ళండి. ఈలోగా చనుమొన నుంచి రక్తం వచ్చినా, చర్మం లోపలికి లాగినా ఆ తేదీదాకా ఆగకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి.